వనపర్తిలో టీచరమ్మ గానుగ: లాభం ఎంతో గోడ మీద రాసి అమ్మే పల్లినూనె

నేను మందుల షాపు నడుపుతాను. అందుకే తిండి వస్తువును ఎవరైనా మందులా అమ్ముతుంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. గానుగ నూనె అనగానే ముందు గుర్తొచ్చేవి ఫ్లెక్సీలే. గుండెకు మంచిది, షుగర్ తగ్గుతుంది, కీళ్ల నొప్పులు పోతాయి, కొలెస్ట్రాల్ కరుగుతుంది. మా బజారులో ఒకాయన ఆ వరుసలో థైరాయిడ్ కూడా చేర్చాడు. అందుకే టీచరమ్మ గానుగ తెరిచాక చాలాకాలం నేను అటు పోలేదు. మా ఇంటావిడ పోయింది, తెచ్చింది, వండింది. పప్పు తాలింపు వాసన తేడాగా ఉందే అని నేను అడిగాకే చెప్పింది నూనె మారిందని.

ఇప్పుడు మా ఇంట్లో వాడకం అదే. కొత్తమోజు తీరాకే రాస్తున్నాను. నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

షాపు మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉంది. మోటర్ల వైండింగ్ షాపును ఆనుకొని ఒక రేకుల షెడ్డు. బోర్డు మీద ఏదో పేరుంది గానీ ఆ పేరుతో అడిగితే పక్క సందులో వాళ్లు కూడా చెప్పలేరు. టీచరమ్మ గానుగ అనాలి. లోపలికి పోగానే ఎడమ గోడకు బడిలో ఉండే పెద్ద నల్లబోర్డు కనిపిస్తుంది. ఆమె పనిచేసిన బడి చివరికి మూతపడి బెంచీలు, బోర్డులు అమ్మేస్తుంటే తెచ్చుకుందట. ఆ బోర్డు మీద చాక్‌పీస్‌తో గుండ్రటి అక్షరాల్లో లెక్క ఉంటుంది. నేను పోయినసారి వెళ్లినప్పుడు ఉన్న లెక్క ఇది.

లీటరు పల్లినూనెకు గింజలు రెండున్నర కిలోలు. కిలో 112 చొప్పున 280 రూపాయలు. కరెంటు, కూలి, అద్దె కలిపి 36. గాజు సీసా, మూత 24. మొత్తం 340. నూనె తీశాక మిగిలే చెక్క కిలోన్నర, కిలో 36 చొప్పున 54 తిరిగొస్తుంది. పోగా 286. మా లాభం 34. మీరిచ్చేది 320.

గింజ ధర మారినప్పుడల్లా బోర్డు తుడిచి మళ్లీ రాస్తుంది. మా వైపు పల్లి ఎక్కువగా యాసంగి పంట. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వేస్తే సంక్రాంతి దాటాక యార్డు నిండా కాయే. అప్పుడు ధర దిగుతుంది, వానాకాలానికి ఎక్కుతుంది. బోర్డూ దాంతోపాటే దిగుతుంది, ఎక్కుతుంది. లాభం దగ్గర 34 మాత్రం నేను చూసినన్నాళ్లూ అట్లాగే ఉంది. లాభం గోడ మీద రాసిపెట్టే కొట్టు ఇంకొకటి నేను చూడలేదు. నా షాపులో నేనైతే రాయను.

ఇట్లా రాస్తే బేరాలు ఎక్కువవుతాయి కదా అనుకున్నాను. ఒకసారి నా ముందే ఒక పెద్దాయన బోర్డు మొత్తం చదివి, "టీచరమ్మా, ఆ ముప్పైనాలుగులో పది తగ్గియ్యి" అన్నాడు. ఆమె చాక్‌పీస్ ఆయన చేతికిచ్చింది. "మీరే తగ్గించండి పెదనాన్నా. ఇద్దరు ఆడమనుషులు పొద్దంతా కూర్చొని గింజలు ఏరుతున్నరు. వాళ్ల కూలిలోంచి తీద్దామా, నా బిడ్డ స్కూలు ఫీజులోంచి తీద్దామా?" పెద్దాయన నవ్వి 320 ఇచ్చి పోయాడు. మరుసటి వారం కనిపిస్తే, చెక్క కూడా ఇక్కడే కొంటున్నానని చెప్పాడు, బర్రెలకు.

ఈ లెక్క వల్ల అసలు లాభం మనకే. ఊళ్లో వేరే చోట్ల "చెక్క గానుగ పల్లినూనె లీటరు 220" అని బోర్డులు కనిపిస్తాయి. టీచరమ్మ లెక్కలో గింజల ఖర్చు 280లోంచి చెక్క డబ్బు 54 తీసేస్తే 226. కరెంటు, కూలి, సీసా, లాభం ఏవీ లేకుండానే 226. మరి 220కి ఇచ్చేవాడు ఏం కలుపుతున్నాడు? లేదా ఎట్లాంటి గింజ ఆడిస్తున్నాడు? ఎక్స్‌పెల్లర్ మిషన్‌లో గట్టిగా, వేడిగా పిండితే అదే గింజకు ఇంకొంచెం ఎక్కువ నూనె దిగుతుంది. అది తప్పేమీ కాదు, ఆ నూనె కూడా నూనే. దాన్ని చెక్క గానుగ అని అమ్మడమే తప్పు.

వాట్సాప్‌లో తిరిగే ఫ్రిజ్ పరీక్ష గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మా షాపుకొచ్చే వాళ్లు చాలామంది అడుగుతారు. నూనెను ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది కాబట్టి పామాయిల్ కలిసిందంటారు. ఫ్రిజ్ చలికి స్వచ్ఛమైన పల్లినూనె కూడా చిక్కబడుతుంది, గడ్డ కూడా కడుతుంది. ఆ పరీక్షతో ఏదీ తేలదు. బోర్డు మీది లెక్క అంతకంటే నమ్మదగ్గది.

సీసా లేబుల్ మీద "1 లీటరు, 910 గ్రాములు" అని రెండూ ఉంటాయి. నూనె నీళ్లకంటే తేలిక, అందుకని లీటరు కిలో కాదు. కిలో లెక్కన అమ్మేచోట, లీటరు లెక్కన అమ్మేచోట ధరలు పోల్చేటప్పుడు దాదాపు పదోవంతు తేడా అక్కడే మాయమవుతుంది. పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద ఒకప్పుడు ఫలానా ఉష్ణోగ్రత దగ్గర లీటరు అని చిన్న అక్షరాల్లో రాసేవాళ్లు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి ఉష్ణోగ్రత ఎక్కువ రాసినకొద్దీ లీటరులో పట్టే బరువు తగ్గుతుంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత రాయకుండా, పరిమాణంతో పాటు బరువు కూడా రాయమని కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. ఇదంతా నాకు వివరించింది టీచరమ్మ కాదు. ఆమె దగ్గర సాయంత్రం చదువుకునే ఏడో తరగతి పిల్లగాడు. తూకం దగ్గర నిలబడి, "అంకుల్, కిలో నూనె కావాల్నా, లీటర్ కావాల్నా? ఏది ఎక్కువొస్తదో చెప్పుండ్రి" అని నాకే పరీక్ష పెట్టాడు.

మందుల షాపువాడిగా నేను మొదట చూసింది మాత్రం గింజల్ని. రిఫైన్డ్ నూనెను తిట్టేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. పల్లీలకు తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాలేయానికి చాలా చెడ్డది, కాన్సర్ దాకా తీసుకుపోతుంది. మామూలు వంట వేడికి అది పోదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీనిమీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది, అంత పెద్ద సమస్య. ఫ్యాక్టరీలో నూనెను రిఫైన్ చేసేటప్పుడు ఈ విషం చాలావరకు తొలగిపోతుంది. గానుగలో రిఫైన్ చేయడం ఉండదు కాబట్టి గింజలో ఏముంటే నూనెలో కొంత అదే దిగుతుంది. ముక్క గింజ, బూజు గింజ తక్కువ ధరకు కొని ఆడించిన గానుగ నూనె కంటే మామూలు ప్యాకెట్ నూనె నయం. నా వృత్తిలో ఉన్నవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పాలి.

టీచరమ్మ షెడ్డులో ఒక మూల తార్పాలిన్ మీద గింజలు పోసి ఇద్దరు ఆడవాళ్లు ఏరుతుంటారు. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పుచ్చువి, పగిలినవి పక్కకు. ఆ ఏరివేత డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. తీసేసినవి నిజంగానే తీసేయాల్సినవి. "వీటిని ఏం చేస్తారు?" అని అడిగితే చెక్కలో కలపబోమని, పశువులకు కూడా పెట్టబోమని, పొయ్యిలో వేస్తామని చెప్పింది. ఆ జవాబు దగ్గర నా అనుమానం సగం పోయింది. బూజు గింజ తిన్న పశువు పాలలోకి కూడా ఆ విషం వస్తుందని తెలియనివాళ్లే ఎక్కువ. మిగతా సగం అనుమానం, గోడ మీద ఎక్కడా షుగర్ అన్న మాట, గుండె అన్న మాట లేకపోవడంతో పోయింది. ఫుడ్ లైసెన్స్ కాగితం ఫ్రేము కట్టించి ఉంది, పద్నాలుగు అంకెల నంబరు సీసా మీద కూడా ఉంది. "బీపీకి మంచిదేనా మేడం" అని ఎవరో అడిగితే, "నూనె ఏదైనా తక్కువ వాడుండ్రి, బీపీ సంగతి డాక్టర్‌ని అడుగుండ్రి" అంది. ఇంత నిజం చెప్పి వ్యాపారం ఎట్లా చేస్తుందో అనుకున్నాను.

ఎట్లా చేస్తుందో తెలియాలంటే ఆమె ఎవరో కొంచెం చెప్పాలి. మా పెద్దమ్మాయికి లెక్కలు చెప్పింది ఈమే, ఒక ప్రైవేటు హైస్కూల్లో. పద్నాలుగేళ్లు అక్కడే పనిచేసింది. జీతం పదకొండు వేల దగ్గరే ఆగిపోయింది. సాయంత్రాలు బస్సెక్కి ఊరి బయట తండాకు పోయేది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. తల్లిదండ్రులు గుంపు మేస్త్రీల వెంట బొంబాయికో పుణెకో పనికి పోతే, పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు. బడికి పంపేవాళ్లు ఉండరు, హోంవర్క్ చూసేవాళ్లు అసలే ఉండరు. అట్లాంటి పిల్లల్ని ఒక చెట్టు కింద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పేది. పదో తరగతి లెక్కల్లో తప్పినవాళ్లకు సప్లిమెంటరీ దాకా వెంటపడేది. డబ్బు తీసుకునేది కాదు. మా షాపుకొచ్చి ఆ పిల్లలకని గజ్జి మందు, నులిపురుగుల మాత్రలు కొనేది. నేను మాత్రల మీద డిస్కౌంట్ ఇచ్చేవాణ్ణి, అంతవరకే మా పరిచయం.

పెళ్లి మాట ఎత్తితే దాటేసేదని చెప్పుకునేవాళ్లు. తండ్రి పోయాక తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి, ఆ తర్వాత తండా పిల్లలు. ముప్పై అయిదు దాటాక 2018లో చేసుకుంది, ఈ వైండింగ్ షాపు ఆయన్నే. ఆయన మేనకోడలు ఆమె దగ్గర చదువుకుంది. ఆ పిల్లను దించడానికి, తీసుకుపోవడానికి వచ్చీ పోయీ పరిచయం. మనిషి నెమ్మది, మాట తక్కువ. బోరుబావి మోటర్లు కాలిపోతే రాత్రి పదకొండింటికైనా విప్పి కూర్చుంటాడు. అత్తమ్మ, భర్త, మరుసటేడు పుట్టిన బిడ్డ. అంతదాకా ఒంటరిగా ఊరంతా తిరిగిన మనిషికి ఒక్కసారిగా నిండు సంసారం. బిడ్డ పుట్టాక తండాకు పోవడం తగ్గించక తప్పలేదు. పిల్లలే ఇంటికి రావడం మొదలుపెట్టారు.

ఆ పిల్లకు ఏడాదైనా నిండకముందే 2020 మార్చి వచ్చింది. బళ్లు మూసేశారు. ప్రైవేటు టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. కూరగాయలు అమ్మినవాళ్లు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్లు, అరటిపండ్ల బండి పెట్టుకున్నవాళ్లు మా కళ్లముందే ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ బియ్యంలో కొంత ఆమె తండాకు పంపిందని మా షాపులో పనిచేసే కుర్రాడు చెప్పాడు, వాడిది ఆ తండానే. అప్పటికి వైండింగ్ పని కూడా పడిపోయింది.

గానుగ ఆలోచన అత్తమ్మది. వాళ్లది తరతరాలుగా గానుగ ఆడించిన ఇల్లు. ఎద్దు గానుగ రోలు పల్లెలో పాతింటి ముందు మొద్దులా పడి ఉండేదట, కూర్చోవడానికి వాడేవాళ్లు. కొడుక్కు మోటర్లు తెలుసు, కోడలికి లెక్కలు తెలుసు, ముసలమ్మకు గింజ తెలుసు. మిగిలింది డబ్బు. కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార యూనిట్ల పథకం కింద అప్పు పెట్టుకుంది. అందులో ఖర్చుకు 35 శాతం సబ్సిడీ, కనీసం 10 శాతం మనం పెట్టుకోవాల్సి వచ్చేది, మిగతాది బ్యాంకు అప్పు. మిషన్, మోటరు, షెడ్డు కలిపి ఆరు లక్షలు. తన వాటా అరవై వేలు చీటీ పాడి కట్టింది. ఒక బ్యాంకులో మేనేజరు "మీ ఆయన పేరు మీద పెట్టండమ్మా, తొందరగా అవుతుంది" అన్నాడట. ఇంకో బ్యాంకుకు పోయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతులో ఇంకా బడి టీచరే వినిపించింది.

బళ్లు తెరిచాక మళ్లీ రమ్మని పిలిచారట. సగం జీతానికి. పోలేదు.

ఇప్పుడు నూనె సంగతి. రోలు, రోకలి వేప చెక్కవి, తిప్పేది కరెంటు మోటరు. చాలా నెమ్మదిగా తిరుగుతుంది, నిమిషానికి పది పదిహేను చుట్లు. చెయ్యి పెట్టి చూశాను, చెక్క గోరువెచ్చగా ఉంటుంది, కాలదు. ఒక్కో దఫాకు పదిహేను కిలోల గింజలు, గంటదాకా పడుతుంది. మధ్యలో కాసిని నీళ్లు చల్లాలి, ఎప్పుడు, ఎంత అనేది అత్తమ్మ చూస్తుంది. గింజ నలిగిన ముద్దను రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి "ఇగ చాలు" అంటుంది. కోడలు ఆ నీళ్లను గ్లాసు కొలతల్లో పుస్తకంలో రాసిపెట్టుకుంటోంది. గింజలో తేమను బట్టి మారుతుంది కాబట్టి పుస్తకం ఎంత పెరిగినా ముసలమ్మ వేళ్లే గెలుస్తున్నాయని నవ్వింది.

దిగిన నూనెను వెంటనే అమ్మరు. స్టీలు డ్రమ్ముల్లో పోసి గుడ్డ కట్టి మూడు రోజులు కదలకుండా ఉంచుతారు, మడ్డి అడుక్కి చేరాక పైది సీసాల్లోకి తీస్తారు. అయినా ఇంటికి తెచ్చాక కొన్నాళ్లకు సీసా అడుగున సన్నటి పొర కనిపిస్తుంది. చెడిపోయినట్టు కాదు. మూడు నెలల్లోపు వాడేయమని లేబుల్ మీద ఉంది, నేనైతే రెండు నెలలకు మించి ఉంచను. ఎండ తగలని చోట పెట్టుకోవాలి.

రుచి చెప్పాలంటే, వేయించిన పల్లీల వాసన కాదు, పచ్చి గింజ వాసన. తాలింపులో బాగుంటుంది. పప్పులోకి, పచ్చిపులుసులోకి, ముఖ్యంగా వేడన్నంలో కొరివికారం వేసుకొని పైన చెంచాడు పోసుకుంటే ఇంక కూర అడగరు. మామిడికాయ తొక్కుకు మా ఇంటావిడ పోయిన వేసవిలో ఇదే వాడింది. తొక్కు ఇప్పటికీ బాగానే ఉంది, నూనె పాడైన వాసన రాలేదు.

వేపుళ్ల దగ్గర మాత్రం చూసి కొనండి. మా ఇంటావిడది వరంగల్ వైపు, సంక్రాంతికి సకినాలు లేకపోతే ఆమెకు పండుగే కాదు. ఈ నూనె మూకుట్లో పోసి మంట పెద్దది పెట్టేసరికి నురగ పొంగి అంచుదాకా వచ్చింది, కాసేపటికి పొగ. రిఫైన్ చేయని నూనెలో జిగురు పదార్థాలు మిగిలే ఉంటాయి కాబట్టి నురగ వస్తుంది, పొగ కూడా తక్కువ వేడికే వస్తుంది. మంట తగ్గించి, మూకుడు సగానికి పోసి, కొద్దికొద్దిగా వేస్తే సకినాలు బాగానే కాలాయి. రంగు కాస్త ముదురు, రుచి మాత్రం అందరూ మెచ్చారు. కానీ రెట్టింపు సమయం పట్టింది. పైగా ఒకసారి వేపిన నూనెను పారబోయడానికి మనసొప్పదు, ఏ నూనెనైనా మళ్లీ మళ్లీ కాచి వాడటం ఆరోగ్యానికి మంచిది కాదు. డబ్బాలకు డబ్బాలు పిండివంటలు చేసేవాళ్లకు నా సలహా: దానికి మామూలు నూనె తెచ్చుకోండి, ఇది రోజువారీ వంటకు ఉంచుకోండి. టీచరమ్మ కూడా అదే చెప్పింది. వ్యాపారం పోతుంది కదా అంటే, "నురగ పొంగి ఎవరి చెయ్యన్నా కాలితే నా నూనెనే తిడతరు అన్నా" అంది.

నువ్వుల నూనె పల్లినూనె కంటే ఖరీదు, నాకు దానికంటే ఎక్కువ నచ్చింది. నువ్వులు ఆడేటప్పుడు కొంచెం బెల్లం వేస్తారు, నూనె విడిపోవడానికి. తియ్యదనం తెలియదు గానీ చేదు ఉండదు. కుసుమ నూనె పంట వచ్చిన కొద్ది నెలలే దొరుకుతుంది. కొబ్బరినూనె మాత్రం కొనొద్దు. ఎండుకొబ్బరి కోనసీమలోని అంబాజీపేట నుంచి తెప్పిస్తారు, మనకు చేరేసరికి కిరాయి ఖర్చు కలిసి ధర మండిపోతుంది, అక్కడి తాజాదనం ఇక్కడ రాదు. తలకు రాసుకోవడానికైతే సరే. వంటకు అవసరం లేదు.

మన పల్లీలు మనమే తీసుకుపోతే కిలోకు పదిహేను రూపాయలు ఆడింపు కూలి. కనీసం పదిహేను కిలోలు ఉండాలి. ఆరు లీటర్ల దాకా నూనె వస్తుంది, చెక్క మనదే. గింజ బాగాలేకపోతే ఆడించదు, వెనక్కి పంపేస్తుంది. ఒక రైతు సంచి విప్పి చూపిస్తే రెండు గింజలు నలిపి వాసన చూసి, "ఇవి తడిసినయి, నీ పిల్లలకు పెడతవా?" అంది. ఆయనకు కోపం వచ్చింది. మళ్లీ వచ్చాడో లేదో నాకు తెలియదు.

ఇక నచ్చనివి. సీసా మూతలు సరిగ్గా లేవు. స్కూటర్ డిక్కీలో పెట్టుకొని పోతే ఒలికి సంచీ అంతా జిడ్డు. ఎన్నిసార్లు చెప్పినా "మారుస్తం అన్నా" అంటుంది, మార్చలేదు. ఇంటికి పంపడం లేదు. ముసలివాళ్లు, బండి లేనివాళ్లు ఎట్లా తెచ్చుకుంటారు? ఇద్దరు కుర్రాళ్లను పెట్టి సాయంత్రం ఒక చుట్టు తిప్పితే రెట్టింపు అమ్ముతుంది, ఆ మాట చెబితే లెక్క వేసి చూపించింది, లీటరుకు పన్నెండు రూపాయలు పెరుగుతుందని. లెక్క సరే, కొందరు ఆ పన్నెండు సంతోషంగా ఇస్తారు కూడా. గింజలు ఏరే ఆడవాళ్లకు దుమ్ముకు మాస్కులు లేవు. నేనే ఒక పెట్టె పంపాను, ఇప్పుడు కడుతున్నారు. అరకొరగా కడుతున్నారు అనాలి.

టైమింగ్స్ ఇంకో తలనొప్పి. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా అమ్మకం ఉండదు. అందరూ పనినుంచి ఇంటికి పోయే సమయం అదే, ఏ కొట్టుకైనా గిరాకీ సమయం అదే. ఆ గంటన్నర షెడ్డు వెనక గదిలో పిల్లలకు క్లాసు. యార్డు హమాలీల పిల్లలు, తండా నుంచి ఇప్పటికీ వచ్చేవాళ్లు కొందరు, పల్లి బస్తాలకు ఆనుకొని కూర్చుంటారు. వాళ్లతోపాటు ఆమె బిడ్డ కూడా, అదే పలకతో. ఒకసారి నేను అయిదూ పదికి పోయి, ఒక్క సీసానే కదా అన్నాను. భిన్నాలు చెబుతోంది. తల తిప్పకుండా చేత్తో ఆగమని చూపించింది. నేనూ వ్యాపారస్తుణ్ణే, నాకు చిరాకు వచ్చింది. గిరాకీని నిలబెట్టడం వ్యాపారం కాదు. భర్త వైండింగ్ షాపులోంచి వచ్చి సీసా ఇచ్చి డబ్బు తీసుకున్నాడు. ఆ గంటన్నర ఆయన్నే గల్లా దగ్గర కూర్చోబెట్టవచ్చు కదా అని నా అభిప్రాయం. ఆయన చేతులకు గ్రీజు ఉంటుందని ఆమె అభ్యంతరం. వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం అది.

వెళ్లేవాళ్లకు ఉపయోగపడే వివరాలు. ఆదివారం సెలవు. పొద్దున తొమ్మిది నుంచి, మధ్యలో పైన చెప్పిన గంటన్నర తప్ప, రాత్రి ఎనిమిది దాకా. ఫోన్ పే, గూగుల్ పే తీసుకుంటారు. పార్కింగ్ లేదు, యార్డుకు కాయ వచ్చే రోజుల్లో ఆ దారిలో లారీలు నిలబడి ఉంటాయి, ఆటోలోనే పొండి. సంక్రాంతికి కావాలంటే డిసెంబర్‌లోనే పేరు రాయించుకోండి, మడ్డి దిగడానికి మూడు రోజులు పడుతుంది కాబట్టి తొందరపెట్టినా ఇవ్వదు. ఖాళీ సీసా తిరిగిస్తే ఇరవై రూపాయలు వెనక్కి. కడిగి ఎండలో బాగా ఆరబెట్టి తీసుకుపోండి. లోపల చుక్క తడి ఉన్నా ఆ ఇరవై రాదు, ఎందుకు రాదో అందరి ముందు మీతోనే చెప్పిస్తుంది.